తల మీద చెయ్యి

నా భర్త ఇలైతియా మూడు సీసాలనూ మొగలాకు చాప మీద వరసగా నిలబెట్టాడు. రెండింటికి సీలు కూడా తెగలేదు. మూడోదాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే సగానికి పైనే కంటిమందు కనిపించింది.

"ఇవి నాన్న గాలాల డబ్బాలో ఏం చేస్తున్నాయి?" అన్నాడు.



"అడుగుతున్నాను కదా. ఆదివారాలు నేను వేసిన చుక్కలు సరే. నేను రిసార్టులో పనిలో ఉండే ఆరు రోజులూ ఎవరు వేశారు?"

ఆకనీసి అత్త కసావా దుంప చెక్కు తీస్తూనే ఉంది. కత్తి ఆగలేదు కానీ ఒకే చోట గీస్తోంది. నేను నా పసుపు పువ్వుల గౌను అంచు చూసుకుంటూ కూర్చున్నాను. పెళ్ళికి మా అమ్మ కుట్టించిన గౌను అది. శనివారాలకని దాచి, అతను వచ్చే రోజునే తొడుక్కుంటాను. ఇవాళ కూడా చెవి వెనక మందారం పెట్టుకుని పడవ చప్పుడు కోసం ఒడ్డున నిలబడ్డాను. పడవ దిగీ దిగగానే అతను జేబులోంచి కొబ్బరి బన్ను తీసి, "సగం నాది, ముందే చెప్తున్నా" అన్నాడు. నేను నవ్వుతూ ఇంటిదాకా వచ్చాను. అది గంట క్రితం సంగతి. బన్ను గూట్లోనే ఉంది.

నిన్న నర్సు సలోటే వచ్చి వెళ్ళినప్పటి నుంచీ ఇల్లు ఇల్లులా లేదు. ఆమె మామగారి కుడి కంట్లోకి టార్చి వేసి చాలాసేపు చూసింది. చూసి, ఏమీ అనకుండా టార్చిని సంచిలో పెట్టుకుంది. నాకు అప్పుడే భయం వేసింది.

"ఆపరేషన్లో కోసి తీసిన చోటే కండ మళ్ళీ పుట్టింది," అంది నన్ను పెరట్లోకి పిలిచి. "ముందుకంటే దళసరిగా, ఎర్రగా ఉంది. ముక్కు వైపు నుంచి రెక్కలా బయల్దేరి నల్లగుడ్డు మీదికి పాకేసింది. కనుపాపని మూసేసిందంటే, తర్వాత తీసినా మచ్చ మిగిలిపోతుంది. మందు సరిగ్గా వేశారా?"

"వేశారు," అన్నాను. నమ్మే అన్నాను.

మామగారు వాటిసోనికి ఉన్నది ఆ ఒక్క కన్నే. ఎడమది పంతొమ్మిదో ఏట సూదిముక్కు చేప నీళ్ళలోంచి ఎగిరి పొడిస్తే పోయింది. మిగిలిన కంటితోనే నలభై ఏళ్ళుగా మా ఊరి పడవని పగడపు దిబ్బల మధ్య సందులోంచి దాటిస్తున్నారు. సోమవారం పొద్దున పిల్లల్ని అవతలి ద్వీపంలో బడికి దింపడం, శుక్రవారం సాయంత్రం తీసుకురావడం ఆయన పని. నిన్న తెచ్చేటప్పుడు పడవ అడుగు దిబ్బకి రాసుకుని చెయ్యంత పొడవు గీత పడింది. "అల కొట్టింది," అన్నారు దిగి. అల లేదని పడవలో ఉన్న పిల్లలందరికీ తెలుసు.

"నన్ను చూస్తావేంరా?" అంది అత్త చివరికి. "నేను ఆయన చెల్లెల్ని. పన్నెండేళ్ళు వచ్చినప్పటి నుంచీ ఆయనతో ఎదురుపడి మాట్లాడింది లేదు. ఆయన కూర్చున్న చాప మీద నేను కూర్చోను. అలాంటిదాన్ని వెళ్ళి తల పట్టుకోమంటావా?"

"నిన్ను పట్టుకోమన్నానా అత్తా? ఎవరూ వెయ్యట్లేదని ఒక్క మాట చెప్పకూడదా?"

"నాకెలా తెలుస్తుంది? నీ పెళ్ళాం లేదూ? కాలేజీ చదివిన పిల్ల. సీసా మీద ఇంగ్లీషులో రాసిందంతా గడగడా చదువుతుంది."

"చదివాను అత్తా," అన్నాను. "అందుకే రోజూ నాలుగుసార్లు ట్రేలో పెట్టాను."

"ట్రేలో పెడితే కంట్లోకి వెళ్తుందా తల్లీ? మందుకి కాళ్ళున్నాయా?"

నాకు ఏడుపొచ్చింది. కోడలు మామగారితో నేరుగా మాట్లాడదు. ఆయన పేరు పలకదు. ఇక తల సంగతి చెప్పేదేముంది? కూర్చున్న మనిషి తల మీదుగా చెయ్యి చాచి అటక మీది గిన్నె అందుకోవాలన్నా "తులౌ" అని క్షమించమని అడుగుతాం. పని అయ్యాక అరచేతులు దోసిలిలా వంచి మెల్లగా చప్పట్లు కొడతాం. మామగారి తలని కోడలు ముట్టుకోవడమన్నది నేను పుట్టి పెరిగిన సువా పట్నంలో కూడా ఎవరూ విని ఉండరు.

అయినా ఆ ట్రే అంటే నాకెంత ముచ్చటగా ఉండేదో! నిమ్మాకు టీ, రెండు క్యాబిన్ బిస్కెట్లు, మడత పెట్టిన రుమాలు, దాని మీద సీసా, పక్కన ఒక పువ్వు. గుమ్మం దగ్గర పెట్టి వచ్చేసేదాన్ని. ట్రే తిరిగి వచ్చేటప్పటికి సీసా రుమాలుకి ఈ పక్క నుంచి ఆ పక్కకి జరిగి ఉండేది. అంటే వేసుకున్నారన్నమాట! చర్చి వాళ్ళిచ్చిన క్యాలెండరులో పెన్సిలుతో చుక్క పెట్టేదాన్ని. ఒక్కో మందుచుక్కకి ఒక్కో పెన్సిలు చుక్క. రెండు నెలలు నిండినప్పుడు ఆ పేజీలు నక్షత్రాలు పొడిచినట్టు కనిపించి, నాలో నేనే మురిసిపోయాను.

ఇలైతియా ఇప్పుడా క్యాలెండరు దగ్గర నిలబడ్డాడు.

"ఈ చుక్కలేంటి అలేసీ?"

"మందు," అన్నాను.

అతను క్యాలెండరుని గోడ వైపు తిప్పేశాడు.

"ఆయన కళ్ళజోడు కూడా లేదు," అన్నాడు. "ఆ నల్లద్దాలది. చెంపల పక్క నుంచి కూడా ఎండ పడకుండా ఉంటుందని డాక్టరే చేతికిచ్చింది. ఎక్కడుంది?"

అత్త కత్తి ఆగింది.

"మాథియు పట్టుకెళ్ళాడు," అంది.

"ఎప్పుడు?"

"ఆపరేషనైన మూడో వారంలో. అయితే ఏం? నా కొడుకు ఆయనకి మేనల్లుడు. మేనమామ ఇంట్లో మేనల్లుడు కోరింది తీసుకుంటాడు. వద్దనడానికి నువ్వెవరు, నేనెవరు? మీ నాన్నే నవ్వుతూ తీసిచ్చాడు."

"కోడిని తీసుకోమను. పందిని తీసుకోమను. నా బట్టలు తీసుకోమను. వాడు పట్టుకెళ్ళింది కళ్ళజోడు కాదత్తా, నాన్న కన్ను!"

"నా కొడుకుని దొంగంటున్నావా?"

"దొంగైతే తిరిగి అడగొచ్చు. మేనల్లుడైపోయాడు! ఆ నల్లద్దాలు పెట్టుకుని చీకట్లో డాన్సులకి తిరుగుతున్నాడు తెలుసా? స్తంభానికి గుద్దుకున్నాడట కూడా."

మామూలప్పుడైతే నేను పడి పడి నవ్వేదాన్ని. అత్త కూడా నవ్వేదే. ఎవరికీ నవ్వు రాలేదు.

"ఇలైతియా."

బయటి నుంచి మామగారి గొంతు. పనసలాంటి ఆ బ్రెడ్‌ఫ్రూట్ చెట్టు కింద, మా వైపు వీపు పెట్టి, వల బాగుచేస్తూ కూర్చున్నారు. మొదటి నుంచీ అక్కడే ఉన్నారు. అంతా విన్నారు.

"మీ అత్తతో చెప్పు, మేనల్లుడి మీద నాకు కోపం లేదని," అన్నారు, మేమిద్దరం పది అడుగుల దూరంలో ఉండగానే. "నీ భార్యతో చెప్పు, నిమ్మాకు టీ బాగుంటోందని."

ఇలైతియా గడప మీద కూలబడ్డాడు. "మందు ఎందుకు వేసుకోలేదు నాన్నా?"

"వేసుకోకపోవడమేం? వేసుకున్నాను. ఒక చుక్క చెవిలో పడింది. ఇంకోటి మీసం మీద పడింది. నా మీసానికి ఇక జన్మలో కంటిజబ్బు రాదు."

ఆయనే కొంచెం నవ్వారు. తర్వాత వల ముడిని వేళ్ళతో తడిమి చూసుకున్నారు. నేను మొదటిసారి గమనించాను, ఆయన ముడిని చూడటం లేదు.

"ఒంటికంటి వాడికి చుక్క ఎటు నుంచి దిగుతోందో ఏం తెలుస్తుందిరా? దాని వైపే చూడాలి, చూసేసరికి అదే మూసుకుపోతుంది. ఇసకలో వెల్లకిలా పడుకుని చూశాను. పడవలో అద్దం కట్టి చూశాను. తర్వాత మానేశాను."

"నాకు చెప్పాల్సింది."

"చెబితే ఏం చేస్తావు? ఉద్యోగం వదిలేసి నా పక్కన కూర్చుంటావు. లేదా ఈ ఇద్దరిలో ఒకర్ని నా తల పట్టుకోమంటావు. వాళ్ళు నీ మాట కాదనలేక పట్టుకుంటారు. రేపు ఊళ్ళో వాళ్ళ మొహం ఎలా ఉంటుంది? నా మొహం ఎలా ఉంటుంది?"

"రోజూ సముద్రం మీదికి కూడా వెళ్ళావట. నెల రోజులు వద్దన్నారు కదా?"

"నేను వెళ్ళకపోతే పిల్లలు ఈదుకుంటూ వెళ్తారా?"

ఇలైతియా గొంతు తగ్గించాడు. "నాన్నా, గురువారం కంటి డాక్టర్లు పెద్దాసుపత్రికి వస్తున్నారు. సలోటే నీ పేరు రాసింది. మళ్ళీ తీసేస్తారు."

"కొట్టేయమను నా పేరు."

"నాన్నా!"

"నాకు సలోటే అంతా చెప్పిందిరా. ఇది ఎండా గాలీ నీళ్ళ మీది మెరుపూ కలిసి పెంచిన కండట. మందు దాన్ని కరిగించదట. కోసి తీశాక మళ్ళీ మొలవకుండా ఆపడానికే మందు. గురువారం కోస్తారు. శుక్రవారం నుంచి మళ్ళీ నాలుగు పూటలా చుక్కలు. ఎవరు వేస్తారు? ఎవరూ వెయ్యరు. మళ్ళీ మొలుస్తుంది, ఇంతకంటే లావుగా. ఇక కొయ్యడానికి కన్నేది? వద్దు. ఉన్నదేదో ఉండనీ."

అత్త దుంపలగిన్నె ఎత్తుకుని వంటపాకలోకి వెళ్ళిపోయింది. నాకు ఆయన మాటల్లో తప్పెక్కడుందో వెతుక్కోవాలనిపించింది. వెతికాను. దొరకలేదు.

"సోమవారం పిల్లల్ని ఎవరు దాటిస్తారు?" అన్నాడు ఇలైతియా.

"నేనే."

"నీకు సందు కనపడుతోందా? నిజం చెప్పు."

మామగారు సముద్రం వైపు చెవి ఒగ్గారు. దిబ్బ మీద నీళ్ళు విరుగుతున్న చప్పుడు దూరం నుంచి వస్తోంది.

"వినపడుతుంది," అన్నారు.

* * *

ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఇలైతియా సంచి సర్దుకున్నాడు. నేను అతని చొక్కా మడత పెడుతూ, ఎవరూ చూడకుండా ఒకసారి మొహానికి ఆనించుకున్నాను. పెళ్ళై ఐదు నెలలు. ప్రతి ఆదివారమూ ఇలా చేస్తాను, అతను చూడనట్టు నటిస్తాడు. ఇవాళ నిజంగానే చూడలేదు.

"నువ్వు వెయ్యి అలేసీ," అన్నాడు.

ఏమిటని అడగనక్కర్లేకపోయింది.

"చెప్తున్నావా?"

"లేదు. అడుగుతున్నాను."

"అత్త ఊరంతా చెబుతుంది. పట్నం పిల్లకి సిగ్గూ మర్యాదా లేవంటారు. అదంతా పడతాను. కానీ ఆయనే నన్ను ఇంట్లోంచి పొమ్మంటే?"

"మనం వేరే ఉందాం."

"అప్పుడాయనకి ఎవరున్నారు?"

అతను సంచి తాడు ముడివేశాడు. విప్పాడు. మళ్ళీ వేశాడు.

"నువ్వు కనీసం ఒక్క వారం ఉండిపోకూడదా?"

"ఉన్నాననుకో, గురువారానికి తీసుకెళ్ళాననుకో. ఆ తర్వాత రెండు నెలలు? రెండు నెలలు సెలవిచ్చే వాళ్ళెవరు?"

గూట్లోంచి కొబ్బరి బన్ను తీసి రెండు ముక్కలు చేశాను. ఎండిపోయి పొడిపొడిగా రాలింది. ఇద్దరం తిన్నాం. మాకు ఇష్టమైన బన్నే అది. రిసార్టు పడవ కదిలేటప్పుడు అతను చెయ్యి ఊపాడు. నేను గౌను మీది పొడి దులుపుకుంటూ నిలబడిపోయాను. తలెత్తేసరికి పడవ దూరమైపోయింది.

* * *

సోమవారం పొద్దున ట్రేలో పువ్వు పెట్టలేదు. టీ కూడా పెట్టలేదు. సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని, సీలున్న సీసాల్లో ఒకటి తెరిచి, అది ఒక్కటే పట్టుకుని బయల్దేరాను.

మామగారు గుమ్మం పక్క చాప మీద కూర్చుని ఉన్నారు. టోపీ తల మీద ఉంది. పడవ ఇంజను తాళం నైలాను తాడుకి కట్టి మెడలో వేసుకున్నారు. ఒడ్డున పిల్లలు అప్పుడే చేరుతున్నారు, పెట్టెలు ఇసకలో దింపుకుంటూ.

ఇంటి నడిమి స్తంభం దాటి ఆయన వైపుకి నేనెప్పుడూ వెళ్ళలేదు. దాటాను.

"ఎక్కడికే?" అంది అత్త వంటపాకలోంచి. తర్వాత నా చేతిలో సీసా చూసింది. "అలేసీ! ఒద్దు!"

నేను ఆగలేదు. ఆగితే కాళ్ళు మళ్ళీ కదలవని తెలుసు.

వెనక అత్త అడుగులు విన్నాను. నా జుట్టు పట్టుకుని లాగుతుందనుకున్నాను. ఆమె నన్ను దాటి వెళ్ళి, వీధి వైపు తెర దించేసింది. పక్కింటి వాళ్ళకి కనపడకుండా అంచులు కూడా సర్దింది. మా ఇద్దరి వైపూ చూడకుండా గోడకేసి తిరిగి నిలబడింది.

నేను మామగారి వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాను. అరచేతులు వంచి చప్పట్లు కొట్టాను.

"తులౌ," అన్నాను.

ఐదు నెలల్లో నా గొంతు ఆయనకోసం పలకడం అదే మొదటిసారి. ఆయన భుజాలు బిగుసుకుపోయాయి. లేచి వెళ్ళిపోతారనుకున్నాను. నన్ను పొమ్మంటారనుకున్నాను. ఆయన టోపీ తీసి ఎడమ పక్కన పెట్టారు.

ఆయన జుట్టు ఉప్పుకి గరుకుగా, ఎండకి వెచ్చగా ఉంది. తలని మెల్లగా వెనక్కి వంచి నా మోకాలికి ఆనించుకున్నాను. కింది రెప్ప లాగాను.

చూసి, సలోటే ఆ రోజు ఏమీ అనకుండా టార్చి ఎందుకు సంచిలో పెట్టేసుకుందో తెలుసుకున్నాను. ముక్కు మూల నుంచి ఎర్రటి కండ, సన్నటి నెత్తురు దారాలతో, కొస దేరి నల్లగుడ్డు మీదికి ఎక్కింది. కనుపాప చాలావరకు దాని కిందే ఉంది. అవతలి అంచున గోరంత నలుపు మాత్రం మిగిలింది.

"మూత తీశావా అమ్మా?" అన్నారు.

నాతోనే అన్నారు. మధ్యలో ఎవరూ లేకుండా, నాతో. అమ్మా అని. ఆ కంటిని చూస్తూ కూడా నాకు ఒళ్ళంతా సంతోషం వేసింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ వేసింది.

"తీశానండీ."

"మరి తే. దగ్గరికి తెచ్చేటప్పుడు చెప్పు. రెప్ప వెయ్యకుండా ఉంటాను."

సీసా అప్పటికే ఆయన కంటికి బెత్తెడు ఎత్తులో ఉంది.

నా సంతోషం ఎక్కడికి పోయిందో పోయింది. "తెస్తున్నానండీ," అన్నాను. ఆగి, నొక్కాను. చుక్క సరిగ్గా కంట్లో పడింది. ఆయన ఉలిక్కిపడ్డారు. వెంటనే మొహమంతా విచ్చుకుంది.

"పడింది! పడింది కదూ?"

"పడిందండీ."

"ఇంత తేలికా?" అన్నారు. నేను కళ్ళు తుడుచుకున్నాను, ఆయనకి కనపడదని తెలిసి మరీ తుడుచుకున్నాను.

"గురువారం వెళ్తారా మామగారూ? రోజూ నేనే వేస్తాను."

"చూద్దాం," అన్నారు. కాదనలేదు. "సాయంత్రం వచ్చాక ఇంకోటి వేద్దువుగాని."

ఒడ్డు నుంచి పిల్లల కేకలు వినపడ్డాయి. "వాటిసోని తాతా! నీళ్ళు దిగిపోతున్నాయి! రా!"

"వస్తున్నా!" అని అరిచి, ఆయన టోపీ కోసం కుడి పక్కన చాప తడిమారు. మళ్ళీ తడిమారు. నేను ఎడమ పక్క నుంచి తీసి చేతికిచ్చాను. నవ్వుతూ అందుకుని లేచారు. ఛాతీ మీద తాళం ఊగింది.

అత్త గోడ వైపు నుంచి ఇటు తిరిగింది. నోరు తెరిచింది. ఆయనతో మాట్లాడకూడదు కనక నా వైపు చూసింది. అంతకంటే ఏమీ చెయ్యలేక చూస్తూనే ఉంది.

నేను వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. తాళం కట్టిన తాడు ముడి గట్టిగా ఉంది, విప్పడానికి రాదు. అది రావాలంటే తల మీదుగానే రావాలి. అలా తీసుకుంటే, నలభై ఏళ్ళుగా ఎవరూ ఆయన దగ్గర్నుంచి తీసుకోని పడవని తీసుకున్నట్టు.

"ఎవరది? అలేసీయా?" అన్నారు ఆయన. "జరుగమ్మా."

సీసా కింద పెట్టాను. అరచేతులు వంచాను.

"తులౌ," అన్నాను రెండోసారి, తాడు మీదికి చెయ్యి చాస్తూ.